చివరి వీధికే ముందు

మా ఊరి మలుపులో, తారు రోడ్డు పక్కన, నడుము లోతు సిమెంటు గుంత ఒకటి ఉంది. దాని లోపల మూడు వాల్వులు. ఒక్కోటి తిప్పితే ఒక్కో వీధికి నీళ్లు పోతాయి. వాటిని తిప్పే పొడవాటి ఇనుప కడ్డీ నా దగ్గర ఉంటుంది. దాన్ని అందరూ తాళం అంటారు. పొద్దున వంట ముగించుకుని వచ్చి, గుంత పక్కన సర్కారు తుమ్మ నీడలో, తాళం పక్కన పెట్టుకుని, సెల్‌ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను. పద్నాలుగు ఊళ్లకు నీళ్లు తోసే పెద్ద మోటార్ల దగ్గర నుంచి నాకు ఫోను రావాలి. "అమ్మా, వదిలినాం" అంటారు. అన్నాక నీళ్లు గంటకు రావచ్చు, మూడు గంటలకు రావచ్చు. వస్తే ముప్పావు గంట ఉంటాయి. ఆ ముప్పావు గంటలో నేను అక్కడ లేకపోతే పల్లంలో ఉన్న రెండు వీధుల వాళ్లు పట్టుకున్నంత పట్టుకుంటారు. మిట్ట మీద ఉన్న చివరి వీధికి చుక్క ఎక్కదు.

మార్కాపురం నుంచి గిద్దలూరు పోయే బస్సు ఆ మలుపులోనే ఆగుతుంది. మా అక్క గిద్దలూరులో ఉంటుంది. వాకిట్లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుని మంచాన పడి చాలా నెలలైంది. మా అమ్మ పోయాక నన్ను ఎత్తుకుని పెంచింది ఆమెనే. ఇంతవరకు నేను పోయి ఆమెను చూడలేదు. ఒకే రోజులో పోయి రావచ్చు, కానీ ఆ రోజు నీళ్లు ఎప్పుడు వస్తాయో ఎవరు చెప్పాలి?

బస్సు ఆగినప్పుడల్లా కండక్టరు తల బయటపెట్టి అడిగేవాడు.

"ఎక్కుతావా అమ్మా?"

"లేదు నాయనా. నీళ్ల కోసం కూర్చుంటి."

"నీళ్లను నీకు కట్టేసినారా, నిన్ను నీళ్లకు కట్టేసినారా?"

బస్సులో వాళ్లు నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. నన్ను కట్టేసింది ఎవరో కాదు, నేనే. ఆ సంగతి నాకూ, ఒక ఇంజినీరు సారుకూ తప్ప ఎవరికీ తెలియదని చాలా రోజులు అనుకున్నాను.

అది చెప్పాలంటే మా ఊరి పద్ధతి ఒకటి ముందు చెప్పాలి.

మాది చిన్న ఊరు. మూడే వీధులు. రోడ్డు పక్కన మొదటి వీధి, దాని వెనక నడిమి వీధి, మిట్ట ఎక్కితే చివరి వీధి. నేను చివరి వీధి కోడలిని. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఊరికంతా ఒకటే బోరు, ఒకటే పైపు. కింద కుళాయిలు తిప్పి ఉన్నంతసేపు పైకి నీళ్లు రావు. మా వీధి ఆడవాళ్లం బిందెలు ఎత్తుకుని కిందికి వస్తే, కిందివాళ్లు "మాకే చాలలేదు, మీకేడ పోస్తాం" అనేవాళ్లు. ఒక ఎండాకాలం బిందెలు సొట్టలు పడేదాకా కొట్టుకున్నారు. అప్పుడు ఊరి పెద్దలు కూర్చుని ఒక మాట అనుకున్నారు. రోజూ ముందు చివరి వీధికి వదలాలి, వాళ్లు పట్టుకున్నాక నడిమి వీధికి, ఆఖరున రోడ్డు వీధికి. పల్లంలో ఉన్నవాళ్లకు నీళ్లు ఎట్లయినా దిగుతాయి, మిట్టకే ఎక్కించాలి కదా.

ఆ పద్ధతి మా ఊరికి ఎంత అలవాటైందంటే, నీళ్లు దాటి అన్నిటికీ పాకింది. చౌక బియ్యం బండి వస్తే ముందు చివరి వీధి. పీర్ల పండగకు పానకం పంచినా ముందు చివరి వీధి. మా ఊరి పిల్లలు ఆటలో వరుస కట్టినా ఆఖరున నిలబడడానికి తోసుకునేవాళ్లు. వేరే ఊరి నుంచి వచ్చిన కోడళ్లకు ఇది కొన్నాళ్లు వింతగా ఉండేది. తర్వాత వాళ్లకూ ఇదే న్యాయం అయింది. నేను కూడా నలభై ఏళ్లుగా లోకమంతా ఇట్లాగే నడుస్తుందన్నట్టు బతికాను.

మా బోరు నీళ్లలో ఫ్లోరిన్ ఎక్కువ. పిల్లల పళ్లు పచ్చగా మారతాయి, పెద్దవాళ్లకు కీళ్లు బిగుసుకుంటాయి. నా మోకాళ్లు యాభై రాకముందే బిగుసుకున్నాయి. చిన్నప్పుడు మార్కాపురంలో పలకల పనికి పోయేదాన్ని. రాయిని పలచగా చీల్చి, అంచులు నున్నగా రాసి, దొంతరలు పేర్చేవాళ్లం. ఎన్ని వేల పలకలు నా చేతుల మీదుగా పోయాయో తెలియదు. ఒక్కదాని మీదా ఒక్క అక్షరం రాయలేదు. పెళ్లయ్యాక చేను పనికి పోయాను. మోకాళ్లు పోయాక దానికీ పనికిరాకుండా పోయాను.

అప్పుడు మా మహిళా సంఘం ఆడవాళ్లం కలిసి ఊళ్లో ఫిల్టరు నీళ్ల ప్లాంటు పెట్టుకున్నాము. ఒక గది, ఒక చిన్న మోటారు, నీళ్లను వడకట్టే మిషను. కూర్చుని చేసే పని కాబట్టి నన్ను దానికి పెట్టారు. కానీ ఏ ఇంటికి ఎన్ని క్యాన్లు పోయాయో పుస్తకంలో రాయాలి. నాకు రాయడం రాదు. అంగన్‌వాడీ టీచరు, నా కూతురి వయసు ఉంటుంది, మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక వచ్చి నేర్పింది. "పెద్దమ్మా, పలక పట్టుకోవడం నీకు నేను నేర్పాల్సిన పని లేదులే" అని నవ్వింది. నాకు అక్షరాలు వచ్చేసరికి రెండు వానాకాలాలు గడిచాయి. క్యాన్ల మీద రాసి ఉన్నవి, బస్సుల మీద రాసి ఉన్నవి, మందు సీసాల మీద రాసి ఉన్నవి, కనిపించినవన్నీ కూడబలుక్కుని చదివేదాన్ని. సంఘం మీటింగులో పుస్తకం చదివి వినిపించేది నేనే. తర్వాత నన్ను సంఘానికి లీడర్ని చేశారు.

ఆ గదిలో కూర్చుని నేను నేర్చుకున్నది అక్షరాలొక్కటే కాదు. ఎండాకాలం క్యాన్లు ఎక్కువ పోయిన నెలలో ప్లాంటు సుఖంగా నడిచేది. వానలు పడి జనం మళ్లీ బోరు నీళ్లు తాగిన నెలలో ఈడ్చుకుంటూ నడిచేది. ఎందుకో మొదట అర్థం కాలేదు. మోటారు బాగుచేయడానికి మార్కాపురం నుంచి ఒక సాయిబన్న వచ్చేవాడు. ఆయన్ను అడిగితే చెప్పాడు.

"అక్కా, క్యాన్లు పది నింపినా వంద నింపినా నువ్వు ఒక్కదానివే గదా కూర్చునేది. గది ఒకటే, లైటు ఒకటే, నేను వచ్చే బస్సు ఒకటే. మిషనుకు కడుపు నిండా పని పెట్టాల. అర్ధాకలితో పెడితే అది మన ఇల్లు తింటాది."

అందుకే ఇంజినీరు సారు మా ఊరికి వచ్చి మాట్లాడిన రోజు, అందరికన్నా ముందు తల ఊపింది నేను.

ఆయన చిన్నవాడు, మర్యాదస్తుడు. ప్లాంటు గది ముందు కుర్చీ వేస్తే కూర్చోకుండా నిలబడే మాట్లాడాడు. దూరం నుంచి కాలువ నీళ్లు తెస్తామని, ఒకే చోట శుభ్రం చేసి పద్నాలుగు ఊళ్లకు పైపులో పంపుతామని చెప్పాడు. ఆడవాళ్లకు అర్థమయ్యే మాట ఎత్తుకున్నాడు.

"పద్నాలుగు ఇండ్లలో పద్నాలుగు పొయ్యిలు వెలిగిస్తే ఎన్ని కట్టెలు కావాల? పెండ్లిలో ఒకే గాడిపొయ్యి మీద ఊరందరికీ వండుతారు. కట్టె కలిసొస్తుంది, మనుషులు కలిసొస్తారు. ఊరికొక ప్లాంటు పెట్టుకుంటే మోటారు చిన్నది, ఖర్చు పెద్దది. ఇది అట్ల కాదు."

రోడ్డు వీధిలో ఉండే మా వదిన నోరు గట్టిది. "అంటే పద్నాలుగు మంది వంటోళ్లలో ఒకామె చాలంటారు. మిగతా పదమూడు మంది ఏం జేయాల సార్?"

"కూర్చుని తినాల."

మా వీధి పెద్దమ్మకు ఎనభై దాటాయి. చేతికర్ర మీద గడ్డం ఆనించి వింటున్నది అప్పుడు తల ఎత్తింది. "కూర్చోవచ్చు నాయనా. వడ్డించేటోడు మనోడైతే కడబంతిలో కూర్చున్నా పర్లేదంటారు. ఈడ వడ్డించేది ఎవురు?"

"మేమే అవ్వా."

"నువ్వు ఎవురోడివి?"

"అందరివాడినే."

"అందరోడంటే ఎవురోడూ గాదు పో" అంది పెద్దమ్మ. సారుతో సహా అందరూ నవ్వారు.

ఒక షరతు ఉందని సారు దాచకుండా చెప్పాడు. పెద్ద పథకంలో చేరిన ఊళ్లో చిన్న ప్లాంటు ఉండకూడదు. సగం మంది చిన్నదాని దగ్గర పట్టుకుంటే పెద్దదానికి పని తగ్గి ఖర్చు పెరుగుతుంది. మిషను తీసి ఇంకో పథకం లేని ఊరికి ఇస్తారు. మా వాళ్లు నా ముఖం చూశారు. నాకు సాయిబన్న మాట గుర్తొచ్చింది. మిషనుకు కడుపు నిండా పని పెట్టాల. నేను సరే అన్నాను. నేను సరే అంటే వాళ్లూ సరే అన్నారు.

తర్వాత వాళ్లంతా సారుతో వచ్చిన వాళ్లకు టీలు ఇచ్చే పనిలో పడ్డారు. సారు నన్ను ఒక్కదాన్నే జీపు దగ్గరికి పిలిచాడు. బానెట్ మీద మ్యాపు పరిచాడు. ఊళ్ల పేర్లు కూడబలుక్కుని చదివాను. చదవగలిగినందుకు లోపల పొంగిపోయాను.

"చూడమ్మా, మీ ఊరికి పైపు రెండు దోవల్లో రావచ్చు. ఇట్ల రైలు పట్టాల కింద నుంచి తెస్తే మీది మూడో ఊరు. దానికి పర్మిషన్లు, తవ్వకాలు, కొంచెం ఎక్కువ పని. అట్ల కొండ చుట్టూ తెస్తే మీదే ఆఖరి ఊరు, పద్నాలుగోది. సంఘం లీడరువు నువ్వు. ఎట్ల రాయమంటావు?"

నేను ఆలోచించను కూడా లేదు.

"చివరనే పెట్టండి సార్."

ఆయన పెన్ను ఆపి నన్ను చూశాడు. "చివరా?"

"మా ఊళ్లో చివరి వీధికే ముందు. చివరున్నోళ్లకే నీళ్లు ముందు వదులుతాం."

"మంచి పద్ధతి అమ్మా" అన్నాడు. ఆయన ముఖంలో మెచ్చుకోలు నిజంగానే కనిపించింది. రాసి కాగితం నా ముందు పెట్టాడు. నేను నెమ్మదిగా ప్రతి అక్షరం చదివాను. 'సంఘం కోరిక మేరకు చివరి గ్రామంగా' అని ఉంది. చదివి, వేలిముద్ర కాకుండా, నా చేత్తో సంతకం చేశాను. ఊరికి పెద్ద మేలు చేశానని, టీ గ్లాసుతో వచ్చిన వదినకు కూడా చెప్పలేదు. నీళ్లు వచ్చిన రోజు తెలుస్తుందిలే అనుకున్నాను.

మిషను తీయడానికి సాయిబన్నే వచ్చాడు. ఒక్కో బోల్టు విప్పి గుడ్డ సంచిలో వేసుకుంటూ, "పెట్టినోడినీ నేనే, పీకేటోడినీ నేనే" అన్నాడు. గదికి తాళం వేశాము. బోరు కరెంటు తీగ తీసుకుపోయారు.

మొదట్లో అంతా బాగుంది. నాలుగైదు ఊళ్లకే పైపు కలిసింది కాబట్టి నీళ్లు దండిగా వచ్చాయి. తియ్యటి నీళ్లు. పప్పు త్వరగా ఉడికేది. పెద్దమ్మ గ్లాసు ఎత్తి వెలుతురులో చూసి, "ఇన్నాళ్లు మనం తాగింది సున్నపు నీళ్లే మేయ్" అంది. నన్ను వాల్వుల దగ్గర పెట్టమని పంచాయతీలో మా సంఘం వాళ్లే అడిగారు. ప్లాంటు పోయినా నాకు పని పోకూడదని వాళ్ల ఆలోచన.

తర్వాత ఒక్కో ఊరూ కలుస్తూ వచ్చింది. ఒక్కో ఊరు కలిసినప్పుడల్లా మా పైపు కొంచెం సన్నగా పారింది. రెండు గంటలు వచ్చేవి గంటన్నర అయ్యాయి, తర్వాత గంట. పొద్దున వచ్చేవి ఎప్పుడొస్తాయో తెలియకుండా అయ్యాయి. పద్నాలుగు ఊళ్లూ కలిసిన ఎండాకాలం, ఫోను వచ్చిన మూడు గంటలకు పైపు దగ్గు మొదలుపెట్టేది. గాలి, తుప్పు, ఆ తర్వాత నీళ్లు. ముందు చివరి వీధి వాల్వు తిప్పేదాన్ని. మిట్టకు ఎక్కేసరికే ఆ ముప్పావు గంటలో సగం అయిపోయేది. కింది వీధుల వాళ్లు బిందెలు వరుసలో పెట్టుకుని నా చేతిలో తాళం వైపు చూసేవాళ్లు.

"నువ్వు మిట్ట మీద ఉండబట్టి మిట్టకే తిప్పుతావు" అంది ఒక కోడలు.

నలభై ఏళ్లలో ఆ మాట మా ఊళ్లో ఎవరూ అనలేదు. వదిన ఆమెను కసిరింది. "అనకూడని మాట అది. ఆమె మోకాళ్లు చూడు. పొద్దస్తమానం ఈడనే కూర్చుంటాది. అక్క మంచాన పడినా పోలేదు." కసిరింది సరే, ఆ వదిన కూడా బిందె పక్కకు తీయలేదు.

నీళ్లు చాలనివాళ్లు మార్కాపురం నుంచి ఆటోలో వచ్చే క్యాన్లు కొనుక్కున్నారు. కొనలేనివాళ్లు పొలం బోర్ల నీళ్లు మళ్లీ తాగడం మొదలుపెట్టారు. మా గది మాత్రం తాళంతో అలాగే ఉంది. తలుపు సందులోంచి చూస్తే మిషను ఉన్నచోట గోడ మీద తెల్లటి చతురస్రం కనిపిస్తుంది.

చివరి వాళ్లకు ముందు వదలడం మర్చిపోయి ఉంటారని నేను నమ్మాను. అంతకన్నా వేరే కారణం నా బుర్రకు తట్టలేదు. మా ఊరి వైపు పైపు పగిలి రెండు రోజులు నీళ్లు రావని ఫోను వచ్చినప్పుడు బస్సెక్కాను. గిద్దలూరు బస్సు కాదు, మోటార్లు ఉన్న చోటికి పోయే బస్సు. అక్క దగ్గరికి పోవడానికి దొరికిన మొదటి రెండు రోజులు అవి. వాటిలో ఒకటి ఇట్లా పోయింది. రెండోది కూడా పోయింది, ఎందుకంటే పైపు అనుకున్నదానికన్నా ముందే బాగుచేశారు.

అక్కడి మోటార్లు మా ఊరి గది అంత ఉన్నాయి. నేల అదురుతూ ఉంది. ఇంత పెద్దవాటిని ఇద్దరే మనుషులు నడుపుతున్నారు. సారు చెప్పింది అబద్ధం కాదు. గాడిపొయ్యి మాట నిజమే. ఆయన నన్ను గుర్తుపట్టి కుర్చీ వేయించాడు.

"సార్, మా ఊరు చివరుంది. మాకు ముందు వదలడం మర్చిపోయినట్టున్నారు."

ఆయన మెల్లగా చెప్పాడు. ముందు ఊళ్లు వాల్వులు మూస్తేనే చివరికి ముందు పోతాయి. పదమూడు ఊళ్ల వాల్వులు పదమూడు మంది చేతుల్లో ఉన్నాయి. ముందూళ్లలో ఎవరు మూస్తారు? బలవంతంగా మూయిస్తే నీళ్ల ఒత్తిడికి పాత జాయింట్లు పగులుతాయి, పగలకపోతే జనం పగలగొడతారు.

"ఒక్క రోజైనా సార్. వారానికి ఒక్క రోజు."

"ఆ ఒక్క రోజు మోటారు ఆపి ఆపి నడపాలమ్మా. అట్ల నడిపితే ఖర్చు మా చేతుల్లో ఉండదు. ఇది అన్ని ఊళ్లనూ కలిపి లెక్కేసి కట్టింది. అన్నీ కలిపి చూస్తే బాగానే నడుస్తా ఉంది."

"అన్నీ కలిపి చూస్తే సార్. మా ఊరొక్కదాన్నీ చూస్తే?"

ఆయన బీరువా తీసి ఫైలు తెచ్చాడు. నా సంతకం ఉన్న కాగితం. అక్షరాలు వంకరగా, పెద్దగా, గీత దాటి ఉన్నాయి. "ఆ పొద్దు నీ మాట విని ముచ్చటేసింది. మాకూ పని తగ్గింది. నిజంగా తెలిసే అడిగినావా అని రెండోసారి అడగాల్సింది నేను. అడగలేదు" అన్నాడు. తప్పు సగం ఆయన తీసుకున్నాడు. కానీ ఆ సగంతో నేను ఏం చేసుకోవాలి?

మూడో చోటు ఏ ఊరికి పోయిందో తిరుగు బస్సులోంచి చూశాను. రోడ్డు పక్కన కుళాయి తిప్పి గేదెను కడుగుతున్నారు. వాళ్లను తిట్టాలనిపించలేదు. మా ఊరు ఎట్లుంటుందో వాళ్లు ఎప్పుడూ చూడలేదు. మా మిట్ట వీధిని పల్లపు వీధి రోజూ చూస్తుంది, అందుకే సిగ్గుపడింది. ఇక్కడ ఎవరికి ఎవరు కనిపిస్తారు?

ఇంటికి వచ్చి ఎవరికీ చెప్పలేదు. "సారు చూస్తామన్నాడు" అన్నాను, అంతే. గుంత పక్కన కూర్చున్నాను. అంతకుముందు కూడా అక్కడే కూర్చునేదాన్ని. అప్పుడు లేవలేకపోవడానికి మోకాళ్లే కారణం. ఆ తర్వాత నన్ను చూసి "పాపం" అని ఎవరైనా అంటే అది కూడా నా మీద కూర్చునేది.

కొన్నాళ్లకు సంఘం మీటింగు పెట్టారు. తాళం వేసిన గది ముందే కూర్చున్నాము. వదిన రెండు మాటలు తెచ్చింది.

మొదటిది నా గురించి. "వాల్వు కాడ ఈమె ఒక్కతే ఎన్నాళ్లు కూర్చోవాల? మనం వంతులు వేసుకుందాం. ముందు ఒక వారం ఈమె గిద్దలూరు పోయి అక్కను చూసి రానీ." అందరూ సరే అన్నారు. నన్ను మాటన్న కోడలు కూడా రెండో రోజు వంతు తనదేనంది. ఆ సాయంత్రమే అక్కకు ఫోను చేసి చెప్పాను. "వచ్చేటప్పుడు ఏమీ తేవద్దు" అంది అక్క.

రెండోది అర్జీ. పట్టాల కింద నుంచి పైపు వస్తే మాది మూడో ఊరు అయ్యేదని పక్క ఊరి వాల్వు మనిషి వదినకు చెప్పాడట. "మనం మూడో చోటు అడిగితే సార్లు మోసం చేసి చివర పడేసినారు. అట్ల రాయి. కలెక్టరు కాడికే పోదాం. మా గది మాకిచ్చి, మిషను మళ్లీ పెట్టుకోనియ్యమని అడుగుదాం. మనలో తప్పు లేకుండా రాసేది నువ్వొక్కదానివే గదా."

తెల్ల కాగితాలు, పెన్ను నా చేతికి ఇచ్చారు. వారం గడువు.

నేను చదువు నేర్చుకున్నది క్యాన్లు రాసుకోవడానికి. అబద్ధం రాయాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. మూడు రోజులు కాగితం మీద 'గౌరవనీయులైన' అనే మాట దాటి పోలేకపోయాను. వాళ్లు చెప్పినట్టు రాస్తే, ఆ సారు బీరువాలోంచి నా సంతకం తీసి చూపిస్తాడు. అదొక్కటే కాదు. మర్యాదగా మాట్లాడిన మనిషిని మోసగాడని నా చేత్తో రాయాలి. నిజం రాస్తే ఊరంతా వింటుంది. వింటే నాకు వంతులు ఎవరు వేస్తారు? నాలుగో రోజు అక్క ఫోను చేసింది. "బట్టలు సర్దుకున్నావా?" అని అడిగింది. సర్దుకున్నానని చెప్పాను. నిజంగానే సంచి సర్ది గూట్లో పెట్టాను.

ఆ మధ్యాహ్నం రాశాను. పొద్దు వాలేసరికి అయింది. సంతకాలు పెట్టే ముందు చదివి వినిపించడం మా సంఘం అలవాటు. అందరూ వచ్చి కూర్చున్నాక, గది గోడకు ఆనుకుని చదివాను. నీళ్లు ఎంత వస్తున్నాయో, మిట్టకు ఎంత ఎక్కుతున్నాయో చదివాను. ఒక్క ఊరి మిషను ఖర్చుదే అయినా మా చేతిలో ఉండేదని చదివాను. ఆ తర్వాతి వాక్యం కింద వేలు పెట్టుకున్నాను. చదివాను.

"మా ఊరిని చివర పెట్టమని అడిగింది ఈ అర్జీ రాస్తున్న నేనే. మూడో చోటు ఇస్తామని సారు చెప్పినారు. మా ఊరి పద్ధతి అన్ని చోట్లా ఉంటుందనుకుని వద్దన్నాను."

వదిన నా చేతిలోంచి కాగితం తీసుకుంది. ఆమెకు చదవడం రాదు. అయినా తీసుకుని చూసింది.

"ఇన్నాళ్లూ మాకు చెప్పలేదే?"

"చెప్పలేకపోతి వదినా."

"నేను నీ కోసం ఎంతమందితో కొట్లాడినాను. ఈమె పాపం, ఈమె పాపం అని." కాగితం నా ఒళ్లో పడేసింది. "నిన్ను నువ్వే గదా కట్టేసుకున్నావు. నువ్వే కూర్చో."

కొందరు సంతకం పెట్టారు, కొందరు పెట్టకుండా లేచిపోయారు. వంతుల మాట ఎవరూ ఎత్తలేదు. నేనూ అడగలేదు. గూట్లో సంచి అట్లాగే ఉంది. అక్కకు ఫోను చేసి, రాలేనని చెప్పాను. ఎందుకని అడగలేదు. "నీళ్లు వచ్చినాయా?" అని మాత్రం అడిగింది.

అర్జీ తీసుకున్నట్టు ముద్ర వేసి ఇచ్చారు. జవాబు ఇంకా రాలేదు.

మొన్న ఫోను వచ్చాక, గుంత పక్కన కూర్చుని ఉంటే పెద్దమ్మ కర్ర పొడుచుకుంటూ మిట్ట దిగి వచ్చింది. గోనెసంచి ఒకటి నా పక్కన పరుచుకుని కూర్చుంది. ఆ వయసులో అంత దూరం దిగి రావడమే గొప్ప. వాల్వు తిప్పే బలం ఆమెకు లేదు. ఆమె వచ్చింది నన్ను విడిపించడానికి కాదు.

"ఆ పొద్దు జీపు వెనకాల నేను ఉంటి" అంది.

నేను తల తిప్పి చూశాను.

"నువ్వు చివర పెట్టమన్నప్పుడు విన్నా. సార్ నిన్ను రెండో మాట అడుగుతాడేమో అని చూస్తి. అడగల్యా."

"నువ్వైనా చెప్పలేదే పెద్దమ్మా."

"ఏం జెప్పాల? నేనైనా చివరనే పెట్టమందును." కర్ర ఒళ్లో పెట్టుకుంది. "నీ వదినైనా అంతే. దానికి ఇప్పుడు కోపం, అందుకే ఒప్పుకోదు."

గిద్దలూరు బస్సు వచ్చి ఆగింది. ఇద్దరు దిగారు. కండక్టరు మా వైపు చూశాడు, ఏమీ అడగలేదు. బెల్లు కొట్టాడు. బస్సు పోయాక దుమ్ము చాలాసేపు మా మీద పడుతూనే ఉంది.

పైపు దగ్గింది. వీధుల్లో బిందెల చప్పుడు మొదలైంది. రోడ్డు వీధిలో వదిన తన బిందె కుళాయి కింద పెట్టి, నడుం మీద చేతులు పెట్టుకుని, నా చేతిలో తాళం వైపు చూస్తూ నిలబడింది. నేను పెద్దమ్మ భుజం పట్టుకుని లేచాను. గుంతలోకి వంగి, ముందు చివరి వీధి వాల్వు తిప్పాను.